కారు షెడ్డు పక్కన కొయ్య గది: బండ్రిలో కట్టదలచినవారికి



నగరంలో జీవనం, ఊళ్లో ఇల్లు ఉన్న కుటుంబాలకు పెద్ద కట్టడాలకంటె చిన్న పొడిగింపులే ఎక్కువ చిక్కులు తెస్తాయి. పెద్ద ఇంటికైతే ఇంజనీరును పిలుస్తారు, నక్షా గీయిస్తారు, పంచాయతీకి వెళతారు. కారు షెడ్డు పక్కన పది అడుగుల గది అనేసరికి మేస్త్రీతో ఫోనులో మాట్లాడి, నాలుగు రోజుల సెలవులో పని ముగించాలని చూస్తారు. నేటి ప్రసంగానికి విషయం ఆ పది అడుగుల గదే. ఉన్న షెడ్డును ఆనుకొని కొయ్య చట్రంతో కొత్త గది వేయదలచినవారు ముందుగా ఏమి యోచించుకోవాలన్నది ఇక్కడి ప్రశ్న.

స్థలం బండ్రి. బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, మిగిలిన భాగంలో అధికభాగం మైసూరుకు పోయింది. 2021లో విజయనగర జిల్లా వేరుపడినప్పుడు సండూరు తాలూకా బళ్ళారిలోనే ఉండిపోయింది. ఈ ప్రాంతపు కుటుంబాలకు గీతకు అటూ ఇటూ బంధువులుంటారు. ఇంట్లో తెలుగు, కాగితాలలో కన్నడం, మేస్త్రీ నోట రెండూ. ఈ సంగతి కట్టడానికి సంబంధం లేనిదిగా తోచవచ్చు గాని, కలప దుకాణంలోనూ పంచాయతీ కార్యాలయంలోనూ దాని అవసరం కనిపిస్తుంది.

ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. కొడుకు, కోడలు నగరంలో ఉన్నారు. ఊళ్లో తండ్రి ఒక్కడే. పాత మిద్దె కూలగా దాని దూలాలు, స్తంభాలు పెరట్లో పేర్చి ఉన్నాయి. ఇంటి పక్కన ఆరంగుళాల సిమెంటు దిమ్మెలతో కట్టిన కారు షెడ్డు ఉన్నది. ముందువైపు గోడ లేదు, పైన రేకులు. మెట్లు ఎక్కలేని తండ్రికి షెడ్డు పక్కన నేలమట్టానికి దగ్గరగా పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గది వేయాలి. పాత కలప చేతిలోనే ఉన్నది కనుక కొయ్య చట్రం అనుకున్నారు. ఆలోచన మంచిదే. కొయ్య తేలికైనది, పని త్వరగా సాగుతుంది, వద్దనుకున్ననాడు విప్పి మరొక చోట నిలుపుకోవచ్చు. అయితే మేస్త్రీ మొదటి మాటగా, "షెడ్డు గోడ ఎటూ ఉంది కదా, మూడు వైపులా కడితే చాలు" అంటాడు. అక్కడే ఆగవలసి ఉన్నది.

ఆ గోడ తన కప్పు రేకులను మోయడానికి మాత్రమే కట్టినది. ఆ కప్పు బరువు చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు. కొత్త గది నేల 120 చదరపుటడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. దానిమీద మంగళూరు పెంకులు, వాటి కింది రీపర్లు వేస్తే చదరపు మీటరుకు సుమారు 65 కిలోల లెక్కన 700 కిలోలు దాటుతుంది. కప్పు వాలుగా ఉండటంవల్ల దాని వైశాల్యం నేలకంటె ఎక్కువ, కాబట్టి బరువు ఇంకా పెరుగుతుంది. అదే చోట నాలుగంగుళాల కాంక్రీటు కప్పు పోస్తే 2,800 కిలోలకు తక్కువ కాదు. దూలపు చివరలు షెడ్డు గోడలో దూర్చితే ఈ బరువులో దాదాపు సగం దానిమీద పడుతుంది. గోడ మధ్యలో స్తంభం లేదు, పైన కాంక్రీటు పట్టీ లేదు, బోలు దిమ్మెలో బిగించిన బోల్టుకు పట్టు లేదు. కూలితే అది పడేది మంచం మీద. అందువల్ల ఈ ప్రసంగంలో చెప్పదలచినది ఒక్కటే: కొత్త గది పాత షెడ్డు మీద ఆనకూడదు, దాని పక్కన తన కాళ్లమీద నిలవాలి. షెడ్డు వైపున కూడా కొత్త స్తంభాలే రావాలి. కొత్త చట్రానికీ పాత గోడకూ నడుమ ఒక అంగుళం సందు విడవాలి.

ఈ మాట రాయలసీమ, బళ్ళారి సీమల పెద్ద వడ్రంగులకు కొత్త కాదు. పాత మట్టిమిద్దెలలో అనేకం ఇట్లాగే నిలిచినవి. స్తంభం మీద దూలం, దూలం మీద దంతెలు, వాటిపైన పరుపు, ఆపైన చౌడుమట్టి. ఆ బరువంతా స్తంభాల ద్వారా నేలకు దిగేది. వానకు మట్టిగోడ జారినా కప్పు నిలిచేది. గోడను తిరిగి పెట్టుకొనేవారు. గోడ చలికీ దొంగకూ అడ్డు, స్తంభం కప్పుకు ఆధారం. ఇప్పటి మేస్త్రీలు గోడనే ఆధారంగా చూడటం ఇటుక, సిమెంటు వచ్చిన తరువాతి అలవాటు.

బండ్రికి దూరం కాని హంపీలో ఇదే విద్యకు మరొక సాక్ష్యం ఉన్నది. రాజప్రాంగణంలో నూరుస్తంభాల సభామంటపంగా చూపే వేదిక మీద ఇప్పుడు స్తంభం ఒక్కటీ లేదు. 1565 యుద్ధానంతర విధ్వంసంలో పై కొయ్యకట్టడం నశించింది. వరుసకు పది చొప్పున పది వరుసలలో స్తంభాలు నిలిచిన రాతి గుర్తులు మిగిలినవి. సందర్శకులు అక్కడ వైభవం గురించి మాట్లాడుకుంటారు. వడ్రంగి మాత్రం రాతిని చూడాలి. అంతటి రాజధానిలో కూడా కొయ్య మట్టిని తాకలేదు, రాతిమీద నిలిచింది.

బండ్రి గదిలోనూ అంతే. స్తంభాన్ని గుంటలో పాతి చుట్టూ కాంక్రీటు పోయడం చూడటానికి గట్టిగా ఉంటుంది గాని, ఆ కాంక్రీటు గిన్నెలో నీరు నిలిచి స్తంభం మొదలు కుళ్లుతుంది. చెదలు కంటికి కనబడకుండా లోపలి దారిన ఎక్కుతాయి. నేలమట్టానికి కనీసం ఆరు, వీలైతే ఎనిమిది అంగుళాల ఎత్తున కాంక్రీటు దిమ్మెగాని రాతి దిమ్మెగాని తీసుకురావాలి. దానిలో బిగించిన ఇనుప పాదంపై స్తంభాన్ని నిలిపి, బోల్టులు వేయాలి. పాదం కింద కొద్దిపాటి ఖాళీ ఉంటే మంచిది. చెదలు ఎక్కదలిస్తే దిమ్మె మీదుగా మట్టిదారి కట్టుకొని రావాలి. చీపురు పట్టిన మనిషికి అది కనబడుతుంది. మందు చల్లించడం అవసరమే. అందుకు 6313 సంఖ్య గల భారత ప్రమాణం ఉన్నది. అందులో కొత్త కట్టడాలకు ఒక భాగం, ఉన్న కట్టడాలకు మరొక భాగం. కాని మందు కొన్నేళ్లకు బలం తగ్గుతుంది, రాయి తగ్గదు. గది నేల తక్కువ ఎత్తున ఉండి తండ్రికి మెట్టు అడ్డు కాకూడదంటే, నేల అంతటినీ ఎత్తనక్కరలేదు. దిమ్మెలు మాత్రం గది నేలకు పైన కనబడేలా వదిలి, గుమ్మం వద్ద ఏటవాలు దారి వేస్తే సరిపోతుంది.

పునాది లోతును షెడ్డు పునాది చూసి నిర్ణయించరాదు. ముందు ఒక గుంట తవ్వి చూడాలి. సండూరు కొండల చుట్టూ ఎర్రనేల, గరుసు ఎక్కువగా కనిపిస్తాయి. బళ్ళారి మైదానానికి దిగినకొద్దీ నల్లరేగడి వస్తుంది. ఒకే ఊళ్లో రెండూ ఉండవచ్చు. గరుసు తగిలితే అది అదృష్టం. గట్టి పొర మీద మామూలు దిమ్మె చాలు. నల్లరేగడి అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలువారి కుంగుతుంది. తేలికైన కట్టడాన్ని అది ఇంకా సులభంగా ఎత్తి దించుతుంది. అటువంటి నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తు గల పైలు పునాదులను రూపొందించింది. పది అడుగుల గదికి అంత ఖర్చు పెట్టాలా వద్దా అన్నది గుంట చూసిన ఇంజనీరు చెప్పవలసిన మాట. ఏ నేలలోనైనా పదేళ్ల నాటి షెడ్డు కుంగవలసినంత కుంగి నిలిచి ఉంటుంది. కొత్త గది అప్పుడే కుంగడం మొదలుపెడుతుంది. రెండింటినీ ఇనుపకమ్మీలతో కలిపితే బలం వస్తుందని చెప్పేవారున్నారు, వచ్చేది పగులు. ఆ ఒక్క అంగుళం సందు ఇందుకే.

పెరట్లోని పాత కలప సంగతి. తాతల దూలాలు కదా అని కళ్లు మూసుకొని వాడరాదు. చేవ ఉన్న పాత టేకు గాని మద్ది గాని కొత్త కలపకంటె మేలు, ఎందుకంటే అది ఎండవలసినంత ఎండి, వంగవలసినంత వంగి ఉన్నది. కాని పైన ఉండే తెల్లచెక్కను చెదలు తిని ఉండవచ్చు. సుత్తితో కొట్టితే గట్టి కొయ్య గణగణమంటుంది, లోపల బోలైనది డొల్లగా పలుకుతుంది. ఉలిమొన గుచ్చి చూడాలి. గోడలో కూరుకొని ఉన్న చివర ఒక అడుగు కోసి పారవేయడం ఉత్తమం. పాత దంతెలకోసం దూలంలో చెక్కిన గాళ్లను తప్పక లెక్కించాలి; ఆరంగుళాల దూలంలో రెండంగుళాల గాడి ఉంటే అక్కడ ఆ దూలం నాలుగంగుళాలదే. దూలపు బిగువు దాని ఎత్తుతో చాలా వేగంగా మారుతుంది: మూడుకు ఆరు అంగుళాల కట్టెను నిలువుగా పెట్టితే, పడుకోబెట్టినప్పటికంటె 4 రెట్లు తక్కువగా వంగుతుంది. ఖర్చు పైసా పెరగదు, కట్టెను తిప్పితే చాలు.

తక్కువ పడినది కొనవలసి వస్తే, దుకాణంలో టేకును తేగ అంటారు, వేగిసను హొన్నె అంటారు, మద్దిని మత్తి అంటారు, వేపను బేవు అంటారు. ధర ఘనపుటడుగుకు చెబుతారు. అయిదంగుళాల చదరపు స్తంభం తొమ్మిది అడుగులదైతే ఒక్కటి 1.56 ఘనపుటడుగులు, ఆరు స్తంభాలకు 9.4. ఈ లెక్క కాగితం మీద వేసుకొని వెళ్లినవారికి దుకాణదారు మర్యాద కాస్త వేరుగా ఉంటుంది. సొంత పొలంలోని చెట్టును కొట్టదలచినా, 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం ముందు అనుమతి అడగాలి. సరుగుడు, నీలగిరి, సిల్వర్ ఓక్ వంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నది. రాయదుర్గంలోని మేనమామ పెరటి టేకును బండిలో వేసుకొని సరిహద్దు దాటించాలని చూడటం మాత్రం వద్దు. కలప రవాణాకు అటవీశాఖ పత్రం కావాలి. అది లేకపోతే కలపతోపాటు బండి కూడా ఆగిపోతుంది.

ఇక కప్పు. యోచనలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, ఎందుకంటే ఎవరూ ఎత్తులు ముందుగా కొలవరు. షెడ్డు చూరు నేలకు 8 అడుగుల ఎత్తున ఉన్నదనుకుంటే, దానికింద నుంచి మొదలై బయటికి వాలే పెంకుటి కప్పు వేయడం అసాధ్యం. పెంకులకు రెండడుగుల దూరానికి ఒక అడుగు చొప్పున వాలు కావాలంటే, పది అడుగుల వెడల్పున కప్పు 5 అడుగులు దిగుతుంది. బయటి గోడ వద్ద మనిషి నడుము ఎత్తే మిగులుతుంది. అప్పుడు మేస్త్రీ కప్పును తిప్పి షెడ్డు వైపు వాల్చుదామంటాడు. అది ఇంకా చెడ్డది: రెండు కప్పుల నీరూ సందులో పడి, తొలకరికే గది తడుస్తుంది. సరైన దారి వేరు. నడికొప్పును షెడ్డు గోడకు అడ్డంగా, అంటే గోడ నుంచి బయటికి పోయేలా పెట్టి, కప్పును ముందుకూ వెనుకకూ వాల్చాలి. పన్నెండు అడుగుల పొడవు రెండు ఆరడుగులవుతుంది, ఒక్కో వైపు 3 అడుగుల దిగుడు చాలు. చూరు ఏడున్నర అడుగుల వద్ద ఉంటే నడికొప్పు పదిన్నర వద్ద ఉంటుంది. నీరు సందు వైపు రానే రాదు. షెడ్డు రేకుల చూరు ఆ వైపే వాలి ఉంటే, దానికి మాత్రం ఒక తూము రేకు కట్టాలి. అంగుళం సందుపైన కప్పే రేకును ఒక్క వైపే, పాత గోడకు బిగించి, రెండవ అంచును కొత్త కప్పుమీద వదులుగా వాలనివ్వాలి. రెండు వైపులా మేకులు కొట్టితే సందు విడిచిన ప్రయోజనం పోతుంది.

ఎదురెదురుగా వాలిన వాసాలు తమ పాదాలను బయటికి నెడతాయి. ఆ నెట్టుడును అడ్డుదూలంతో కట్టివేయకపోతే గోడలు విచ్చుకుంటాయి. చట్రపు నాలుగు మూలలలో స్తంభానికీ దూలానికీ నడుమ ఏటవాలు దన్నులు కూడా తప్పనిసరి. అతుకులు ఎంత బిగువుగా ఉన్నా, దన్ను లేని చట్రం కీళ్లు వదిలిన నులకమంచం వలె పక్కకు ఊగుతుంది. మూడు కట్టెలతో ఏర్పడిన త్రికోణం ఊగదు. పని తగ్గించాలనుకున్న వడ్రంగి మొదట మానేసేది ఈ దన్నులనే, కాబట్టి ఒప్పందంలోనే వాటిని రాయించాలి.

పెంకులు బరువని రేకులకు మొగ్గేవారు గాలిని లెక్కవేయాలి. దేశపు గాలి పటంలో ప్రమాణాలు చూపిన వేగాలలో అత్యల్పం సెకనుకు 33 మీటర్లు. ఆ వేగానికే చదరపు మీటరుకు 66 కిలోలకు పైగా ఒత్తిడి వస్తుంది. అదంతా పైకి లాగుడుగా మారకపోవచ్చు. సగం మారినా, 55 కిలోల రేకుల కప్పును 350 కిలోలకు మించిన బలం ఎత్తుతుంది. తేలిక కప్పును మోయడం సమస్య కాదు, పట్టి ఉంచడం సమస్య. రేకు వాసానికి, వాసం దూలానికి, దూలం స్తంభానికి, స్తంభం దిమ్మెకు బోల్టులతో గొలుసుకట్టుగా బిగిసి ఉండాలి. ఎక్కడ మేకు మాత్రమే ఉన్నదో అక్కడ ఆ గొలుసు తెగుతుంది. రేకుల మీద బండరాళ్లు పెట్టే అలవాటును ఈ సందర్భంలో ఖండించక తప్పదు. గాలికి రేకు లేచిననాడు రాయి కూడా లేస్తుంది.

గదిలో పడుకొనేది వృద్ధుడు, గోడకు ఆవల నిలిచేది కారు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి దాని రాక తెలియదు. అందుచేత షెడ్డు లోంచి గదికి తలుపు పెట్టరాదు, ఎంత సౌకర్యంగా తోచినా. షెడ్డు గోడను చూసి కొత్త గదికి ఆ వైపున గోడ మిగుల్చుకోవడం కూడా పొరపాటే: చట్రపు ఆ ముఖాన్ని వేరే పలకలతో పూర్తిగా మూసి, అతుకులు పూడ్చాలి. కిటికీలు మిగిలిన మూడు వైపులా రావాలి. పెట్రోలు డబ్బాలు, జనరేటరు షెడ్డులోనూ ఆ గోడ దగ్గర ఉండరాదు. స్థలం అనుమతిస్తే అంగుళం సందు బదులు మూడడుగుల సందు విడిచి గదిని పూర్తిగా వేరు చేయడమే మేలు. బరువు, నీరు, పొగ అనే మూడు చిక్కులూ ఒకేసారి పోతాయి.

అనుమతి విషయం పొట్టిది. 1993 నాటి కర్ణాటక పంచాయతీరాజ్ చట్టం 64వ సెక్షను ప్రకారం కొత్త ఇంటికే కాదు, ఉన్న కట్టడానికి చేర్పులకు కూడా గ్రామపంచాయతీ రాతపూర్వక అనుమతి కావాలి. దానిని కట్టడ పరవానిగి అంటారు. అడగవలసినది పంచాయతీ అభివృద్ధి అధికారిని. ఇ-స్వత్తు ద్వారా ఇచ్చే నమూనా 9, నమూనా 11 పత్రాలలో స్థలం ఎవరి పేర ఉన్నదో ముందే చూసుకోవాలి. తాత పేరే ఉన్న చోట అన్నదమ్ముల సమ్మతి లేకుండా పునాది తీయడం అంటే తగాదాకు పునాది తీయడమే. పొరుగువారి హద్దు వైపు చూరు వాలితే, చూరునీరు పడేంత జాగా సొంత స్థలంలోనే విడవాలి. ఇదే పొడిగింపు నగరంలోని ఇంటికి వేయదలచినవారు పంచాయతీకి బదులు తమ నగరసభ కార్యాలయంలో అడగాలి. నిబంధనలు అక్కడ మరింత బిగువుగా ఉంటాయి.

సెలవులు తక్కువగా ఉన్నవారు వాటిని గృహప్రవేశానికి దాచుకోవడం రివాజు. అంతకంటె, గుంట తవ్విన రోజున, చట్రం నిలిపి దన్నులు బిగించే రోజున ఊళ్లో ఉండటం మేలు. పలకలు కొట్టాక లోపల ఏమి ఉన్నదో, ఏమి లేదో ఫోటోలో తెలియదు. ఏడాది తిరిగాక మరొక అరపూట పని మిగిలి ఉంటుంది. కొయ్య ఎండినకొద్దీ అడ్డంగా కుదించుకుంటుంది, నిడివిలో దాదాపు మారదు; కాబట్టి బిగించిన బోల్టులన్నీ కొంత వదులవుతాయి. వాటిని మరల తిప్పి బిగించడానికి సరిపోయే స్పానరు ఒకటి ఆ గదిలోనే, తలుపు వెనుక మేకుకు తగిలించి ఉంచాలి.